చార్జింగ్‌కు ఒక బిల్లు, కారు నిలబెట్టినందుకు ఇంకో బిల్లు: ఈవీ లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

మాల్ సెల్లార్‌లో రెండో లెవెల్. పిల్లర్ పక్కన గోడకు బిగించిన చార్జర్. ఎలక్ట్రిక్ కారు (ఈవీ) పెట్టి, గన్ తగిలించి, యాప్ తెరిస్తే సిగ్నల్ రాదు. చార్జర్ మీదున్న నంబరు గుర్తుపెట్టుకుని ర్యాంప్ దాకా నడిచి, అక్కడ యాప్‌లో కొట్టి, స్టార్ట్ అయిందో లేదో చూడటానికి మళ్లీ కిందికి దిగాలి. ఈ పది నిమిషాలూ గేటు దగ్గర ఇచ్చిన పార్కింగ్ టోకెన్ మీద టైం నడుస్తూనే ఉంటుంది. రెండు మూడు గంటలయ్యాక చార్జింగ్ డబ్బులు యాప్‌లో కట్ అవుతాయి, పార్కింగ్ డబ్బులు గేటు దగ్గర కట్టాలి. "చార్జింగ్ కోసమే వచ్చాం కదా, మళ్లీ పార్కింగ్ ఎందుకు?" అనే ప్రశ్న అక్కడ పుడుతుంది. గేటు దగ్గర కూర్చున్న కుర్రాడు దానికి జవాబు చెప్పలేడు, చార్జర్ అతని కంపెనీది కాదు కాబట్టి.

హైదరాబాద్‌లో అయినా, షికాగోలో అయినా, ఓస్లోలో అయినా ప్రశ్న ఇదే. జవాబులు మాత్రం ఒక్కో చోట ఒక్కోలా వచ్చాయి.

క్లుప్తంగా

చార్జింగ్ స్లాట్‌లో అమ్ముడయ్యేది కరెంటు ఒక్కటే కాదు, జాగా కూడా. ఈ రెండింటి డబ్బులు సాధారణంగా వేర్వేరు జేబుల్లోకి వెళ్తాయి. గంటల లెక్కన వేసే పార్కింగ్ ఫీజు నెమ్మదిగా చార్జ్ అయ్యే చిన్న కార్ల మీద ఎక్కువగా పడుతుంది, ఫాస్ట్ చార్జింగ్ కార్ల మీద తక్కువగా పడుతుంది. అలాగని ఫీజు మొత్తం తీసేస్తే స్లాట్లు ఖాళీ కావు. కరెంటు పారుతున్నంతసేపు ఒక లెక్క, అయిపోయాక ఇంకో లెక్క పెట్టిన చోట గొడవ తక్కువ.

రెండు మీటర్లు, రెండు జేబులు

గ్యారేజీ ఒకరిది. దాన్ని నడిపే పార్కింగ్ కాంట్రాక్టర్ ఇంకొకరు. గోడకున్న చార్జర్ మూడో కంపెనీది, అందులో పారే కరెంటు పంపిణీ సంస్థది (డిస్కం). కారు యజమానికి కనిపించేది ఒకే స్లాట్, కానీ దాని వెనక ఇంతమంది ఉన్నారు. చార్జర్ కంపెనీ బిల్డింగ్ ఓనర్‌కు అద్దె కడుతుంది లేదా యూనిట్‌కు ఇంత అని వాటా ఇస్తుంది. పార్కింగ్ కాంట్రాక్టర్ మాత్రం ఇన్ని స్లాట్లు ఉన్నాయి, రోజుకు ఇంత వస్తుంది అని లెక్క వేసుకునే కాంట్రాక్టు పాడుకుని ఉంటాడు. చార్జింగ్ పెట్టుకున్న కారుకు ఫీజు మాఫీ చేస్తే పోయేది అతని డబ్బు, చార్జింగ్ మీద వచ్చే వాటాలో అతనికి రూపాయి దక్కదు.

ఓనరే పార్కింగ్ నడుపుకుంటున్నా లెక్క పెద్దగా మారదు. ఒక ఉదాహరణ చూద్దాం. యూనిట్ మీద ఖర్చులు పోగా 4 రూపాయలు మిగులుతాయనుకుందాం. 7.2 కిలోవాట్ల ఏసీ చార్జర్ (గోడకు బిగించే స్లో చార్జర్) గంటంతా పూర్తిగా నడిస్తే మిగిలేది 29 రూపాయలు. అదే స్లాట్‌లో మామూలు కారు నిలబడితే, పార్కింగ్ గంటకు 30 రూపాయలైతే, ఏ చార్జరూ కేబులూ మెయింటెనెన్సూ లేకుండానే 30 వస్తాయి. పైగా వచ్చిన ఈవీ 3.3 కిలోవాట్లు మాత్రమే తీసుకునే రకమైతే చార్జింగ్ మీద మిగిలేది గంటకు 13 రూపాయలు. 30 వదులుకుని 13 తీసుకోమంటే ఏ ఓనరూ ఒప్పుకోడు. అందుకే స్లో చార్జర్లున్న చోట్ల పార్కింగ్ ఫీజు అంత తేలిగ్గా పోదు.

దీనికి తోడు పన్ను. ఇంటి కరెంటు బిల్లు మీద జీఎస్టీ లేదు. పబ్లిక్ చార్జింగ్‌ను సేవగానే చూడాలని, 18 శాతం జీఎస్టీ కట్టాలని 2023లో కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ (పన్ను ఎలా పడుతుందో ముందే తేల్చి చెప్పే సంస్థ) చెప్పింది. పార్కింగ్ కూడా సేవే, దాని మీదా 18 శాతమే. అంటే ఒకే స్లాట్‌లో నిలబడ్డ కారు మీద పన్ను కూడా రెండు దారుల్లో పడుతుంది.

20 యూనిట్ల లెక్క

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చూడాలి, ఎందుకంటే చాలామందికి తెలియని తేడా ఇక్కడే ఉంది.

ఏసీ చార్జర్ అని మనం పిలిచేది నిజానికి ఒక పెద్ద స్విచ్ లాంటిది. ఏసీని (లైన్లో వచ్చే కరెంటును) డీసీగా (బ్యాటరీ తీసుకునే కరెంటుగా) మార్చి బ్యాటరీలోకి పంపే అసలు చార్జర్ కారు లోపలే ఉంటుంది, దాన్నే ఆన్‌బోర్డ్ చార్జర్ అంటారు. గోడ మీద 7.2 అని రాసి ఉన్నా, కారులో ఉన్నది 3.3 అయితే వచ్చేది 3.3 మాత్రమే. టాటా టియాగో ఈవీ లాంటి చిన్న కార్లలో 3.3, 7.2 రెండు రకాలూ వచ్చాయి, ధర తక్కువ ఉన్న వేరియంట్లలో ఉండేది 3.3. డీసీ ఫాస్ట్ చార్జర్‌తో ఈ ఇబ్బంది లేదు, అది కారులోని ఆన్‌బోర్డ్ చార్జర్‌ను దాటేసి బ్యాటరీకి నేరుగా డీసీ ఇస్తుంది.

ఇప్పుడు 20 యూనిట్లు ఎక్కించాలి అనుకుందాం. చిన్న కారుకు అది సుమారు 140 కిలోమీటర్ల దూరం. పార్కింగ్ గంటకు 30 రూపాయలు, గంట మొదలైతే మొత్తం గంటకూ కట్టాలి అనుకుందాం.

3.3 కిలోవాట్ల కారుకు 6 గంటల 4 నిమిషాలు పడుతుంది. ఆ 4 నిమిషాలకు ఏడో గంట మొదలైపోతుంది, కాబట్టి పార్కింగ్ 210 రూపాయలు. యూనిట్‌కు పదిన్నర రూపాయలు అదనంగా పడ్డట్టు.

7.2 కిలోవాట్ల కారుకు 2 గంటల 47 నిమిషాలు, పార్కింగ్ 90 రూపాయలు, యూనిట్‌కు నాలుగున్నర.

30 కిలోవాట్ల డీసీ చార్జర్ మీద గంటలోపే అయిపోతుంది. పార్కింగ్ 30, యూనిట్‌కు రూపాయిన్నర.

తెలంగాణలో ఇంటి కరెంటు పై స్లాబు యూనిట్‌కు 10 రూపాయలు. అంటే మొదటి కారు ఓనర్ కేవలం నిలబెట్టినందుకు, యూనిట్ లెక్కన, ఇంట్లో అత్యధిక స్లాబులో కరెంటు కొన్నదాని కంటే ఎక్కువ కట్టాడు. కరెంటు డబ్బులు అసలు ఇంకా మొదలే కాలేదు. యూనిట్‌కు 15 రూపాయల చొప్పున కరెంటు 300 వేసుకుంటే మొత్తం 510. ఇదే దూరం లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే పెట్రోల్ కారు లీటరు 107 రూపాయల లెక్కన వెళితే 830 దాకా అవుతుంది. కాబట్టి ఈవీ ఇంకా చవకే, కానీ 530 మిగలాల్సిన చోట 320 మిగిలింది. ఆదాయం తక్కువ ఉండి, చవక వేరియంట్ కొని, ఇంట్లో ప్లగ్ పాయింట్ లేక బయట చార్జ్ చేసుకునేవాళ్లకే ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. పార్కింగ్ ఫీజు అందరికీ ఒకటే రేటు, అయినా దాని భారం సమానంగా పడదు.

అయితే ఫ్రీగా ఇచ్చేస్తే?

నార్వే ఆ పనే చేసింది. 1999 నుంచి అక్కడ మున్సిపల్ పార్కింగ్ ఈవీలకు ఉచితం. రోడ్ల మీద నాలుగైదు ఈవీలు తిరిగే రోజుల్లో ఇది మంచి ప్రోత్సాహకం. ఆ తర్వాత అమ్ముడయ్యే కొత్త కార్లలో ఈవీలే ఎక్కువయ్యాయి (2024లో దాదాపు 89 శాతం), అంతమందికి ఉచితంగా జాగా ఇవ్వడం ఏ మున్సిపాలిటీ వల్లా కాదు. 2017 నుంచి నిర్ణయం స్థానిక సంస్థలకు వదిలేసి, పెట్రోల్ కారు కట్టేదాంట్లో సగానికి మించి ఈవీ దగ్గర తీసుకోకూడదనే సూత్రం మీద నిలబడ్డారు. ఓస్లోలో 2019 నుంచి మున్సిపల్ చార్జింగ్‌కు కూడా డబ్బులు తీసుకోవడం మొదలైంది.

ఉచిత జాగాతో ఇంకో చిక్కు ఉంది. చార్జింగ్ స్లాట్‌లో పార్కింగ్ ఫ్రీ అయితే, 90 శాతం చార్జ్ ఉన్న కారు కూడా పేరుకు గన్ తగిలించుకుని అక్కడే ఉండిపోతుంది. అసలు చార్జ్ కావాల్సినవాడు చుట్టూ తిరుగుతాడు. పార్కింగ్ ధరల మీద జీవితకాలం పనిచేసిన లాస్ ఏంజెలెస్ ప్రొఫెసర్ డోనాల్డ్ షూప్ చెప్పింది ఇదే విషయం, ఆయన మాట్లాడింది మామూలు పార్కింగ్ గురించే అయినా: ఏ వీధిలో అయినా ఒకటో రెండో స్లాట్లు ఎప్పుడూ ఖాళీగా ఉండేలా ధర పెట్టాలి. చార్జర్‌కు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే పార్కింగ్ దొరక్కపోతే పక్క వీధికి వెళ్లొచ్చు, 6 శాతం బ్యాటరీతో పక్క ఊరికి వెళ్లలేం.

టెస్లా దీనికి 2016 డిసెంబరులో ఒక దారి వేసింది. కరెంటు పారుతున్నంతసేపు అప్పట్లో వేరే ఫీజు లేదు. చార్జ్ అయిపోయాక, స్టేషన్ సగం పైగా నిండి ఉంటే, నిమిషాల లెక్కన ఐడిల్ ఫీజు మొదలవుతుంది, 5 నిమిషాల్లో తీసేస్తే అదీ ఉండదు. ఇప్పుడు అమెరికాలో స్టేషన్ పూర్తిగా నిండి ఉంటే అది నిమిషానికి ఒక డాలర్ దాకా ఉంటుంది. ఇందులో అసలు కిటుకు రేటులో లేదు. చార్జ్ అవుతున్న కారునూ అయిపోయి నిలబడ్డ కారునూ వేరుగా చూడటంలో ఉంది. గేటు దగ్గర టోకెన్‌కు ఈ తేడా కనిపించదు, దానికి తెలిసింది లోపలికొచ్చిన టైం, బయటికెళ్లిన టైం అంతే. చార్జర్‌కు మాత్రం ప్రతి నిమిషం ఎంత కరెంటు పోయిందో తెలుసు. రెండు మిషన్ల మధ్య మాటల్లేకపోవడమే ఈ గొడవలో సగం.

అమెరికా గ్యారేజీల్లో గంటల లెక్క ఎక్కడిది?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఒకప్పుడు కరెంటును యూనిట్ లెక్కన అమ్మాలంటే విద్యుత్ సంస్థగా లైసెన్స్ ఉండాలి. గ్యారేజీ ఓనర్‌కు అది లేదు. అందుకని "కరెంటు అమ్మడం లేదు, గంటకు ఇంత అని సౌకర్యం ఇస్తున్నాం" అని గంటల రేటు పెట్టుకున్నారు, పార్కింగ్‌కూ చార్జింగ్‌కూ ఒకే గడియారం అలా వచ్చింది. కాలిఫోర్నియా 2011లో చట్టం మార్చి చార్జింగ్ స్టేషన్లను విద్యుత్ సంస్థ అనే నిర్వచనం నుంచి బయటికి తీసింది, తర్వాత కొత్త ఏసీ చార్జర్లు 2021 నుంచి, డీసీ చార్జర్లు 2023 నుంచి యూనిట్ లెక్కనే అమ్మాలని నిబంధన తెచ్చింది. మన దేశంలో ఇదే చిక్కుముడి 2018 ఏప్రిల్‌లో విడిపోయింది, చార్జింగ్ అనేది సేవ, దానికి కరెంటు పంపిణీ లైసెన్స్ అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ స్పష్టం చేసింది.

చట్టం మారినా పార్కింగ్ ఫీజు పోకపోవడానికి కాంట్రాక్టులు ఇంకో కారణం. షికాగో నగరం 2006లో డౌన్‌టౌన్‌లోని నాలుగు భూగర్భ గ్యారేజీలను 99 ఏళ్ల లీజుకు ఇచ్చేసింది, 56.3 కోట్ల డాలర్లకు. ఆ ఒప్పందంలో దగ్గర్లో పోటీ గ్యారేజీకి అనుమతి ఇవ్వకూడదని ఉంది. నగరం ఒక టవర్‌లో పబ్లిక్ పార్కింగ్‌కు అనుమతిచ్చినందుకు 2013లో ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయట మధ్యవర్తి తీర్పులో) ఓడి, సుమారు 5.8 కోట్ల డాలర్ల నష్టపరిహారం తన మీద వేసుకుంది. ఇది ఈవీ కేసు కాదు. కానీ పార్కింగ్ ఆదాయాన్ని ముందే అమ్ముకున్న నగరం "ఈవీలకు ఫ్రీ" అని ఒక్క సంతకంతో ఎందుకు ప్రకటించలేకపోతుందో దీన్ని చూస్తే అర్థమవుతుంది. బోర్డు మీద సిటీ గ్యారేజీ అని ఉన్నంత మాత్రాన ఆ స్లాట్ మీద నిర్ణయం సిటీ చేతిలో ఉంటుందని అనుకోకూడదు.

యూరప్‌లో దారి వేరు. 2024 ఏప్రిల్ 13 నుంచి అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం, యాప్ ఒప్పందమేదీ లేకుండా నేరుగా వచ్చి చార్జ్ చేసుకునేవాళ్లకు కొత్తగా పెట్టే 50 కిలోవాట్లు, ఆపై చార్జర్ల ధర యూనిట్ లెక్కన ఉండాలి, ఎక్కువసేపు ఆక్రమించకుండా నిమిషాల ఫీజు విడిగా పెట్టుకోవచ్చు. చిన్న చార్జర్లయితే యూనిట్ రేటు, నిమిషాల రేటు, సెషన్ ఫీజు అన్నీ వరసగా ముందే చూపించాలి. ఫీజు వద్దని ఎవరూ అనలేదు, దాచొద్దు అన్నారు.

మన మాల్స్ జీవోలో ఒక ఖాళీ

తెలంగాణలో మాల్స్, మల్టీప్లెక్స్‌లు, వాణిజ్య సముదాయాల పార్కింగ్ మీద 2018 మార్చిలో జీవో 63 వచ్చింది. మొదటి అరగంట ఎవరికైనా ఉచితం. అరగంట నుంచి గంట దాకా ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఉచితం. గంట దాటితే, బిల్లు లేదా సినిమా టికెట్ మొత్తం పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ ఉంటే ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఏప్రిల్ నుంచి దాదాపు ఇదే పద్ధతి.

ఈవీ ఓనర్‌కు దీని అర్థం ఏమిటంటే, సినిమాకు వచ్చి కారు చార్జింగ్‌కు పెట్టినవాడికి రెండో బిల్లు సమస్యే లేదు, టికెట్ చూపిస్తే పార్కింగ్ సున్నా. చార్జింగ్ కోసమే వచ్చినవాడి దగ్గర గొడవ మొదలవుతుంది. జీవో మాట్లాడేది కొన్న సరుకు బిల్లు గురించి, టికెట్ గురించి. ఫోన్‌లో ఉన్న 350 రూపాయల చార్జింగ్ రసీదు బిల్లా కాదా? ఆ ఆవరణలోనే డబ్బు కట్టి కొన్నదే కాబట్టి బిల్లే అనడం న్యాయం. చార్జింగ్ మీద జీఎస్టీ కూడా పడుతోంది, షాపులో చొక్కా మీద పడినట్టే. కానీ గేటు దగ్గర ఈ వాదన పెట్టుకునే ఓపిక వెనక హారన్లు మోగుతున్నప్పుడు ఎవరికీ ఉండదు. మున్సిపల్ శాఖ ఒక్క వాక్యం చేర్చి, చార్జింగ్ రసీదును బిల్లుగా గుర్తించాలని చెబితే ఈ గొడవ తీరిపోతుంది. రైల్వే స్టేషన్లు, ఎయిర్‌పోర్టులు వేరే సంస్థల చేతుల్లో ఉంటాయి కాబట్టి అక్కడి లెక్క వేరు.

పగలు కరెంటు చవక, జాగా ఖరీదు

2024 సెప్టెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక మంచి మాట ఉంది. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా, అంటే సోలార్ కరెంటు దండిగా ఉండే వేళల్లో, చార్జింగ్ స్టేషన్‌కు ఇచ్చే కరెంటు ధర సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 రెట్లు. పగలు చార్జ్ చేసుకోండి, రాత్రి గ్రిడ్ మీద భారం వేయకండి అని దాని ఉద్దేశం.

పార్కింగ్ ధర సరిగ్గా దీనికి ఎదురు తిరుగుతుంది. ఆఫీసు కాంప్లెక్స్‌లోనూ మాల్‌లోనూ జాగాకు గిరాకీ ఉండేది పగలు, సాయంత్రం. కరెంటు చవకగా ఉన్న ఏడు గంటలూ పార్కింగ్ మీటర్ తిరుగుతుంది. జాగా ఖాళీగా ఉండే అర్ధరాత్రి కరెంటు ఖరీదు. ఒక చేత్తో ఇచ్చిన రాయితీ ఇంకో చేత్తో వెనక్కి పోతోంది, అదీ ప్రభుత్వానికి కాదు, పార్కింగ్ కాంట్రాక్టర్‌కు. విద్యుత్ శాఖ ఒక చోట, మున్సిపల్ శాఖ ఒక చోట కూర్చుని రేట్లు పెడితే ఇలాగే ఉంటుంది.

ఏది ఎక్కడ సరిపోతుంది

అన్ని చోట్లకూ ఒకే నియమం పెట్టడం కుదరదు. డీసీ ఫాస్ట్ చార్జర్ దగ్గరికి వచ్చేవాడు పెట్రోల్ బంక్‌కు వచ్చినవాడి లాంటివాడు. పని అయిపోగానే వెళ్లిపోతాడు. అతని దగ్గర పార్కింగ్ ఫీజు తీసుకోవడంలో న్యాయం కనిపించదు. చార్జ్ అయ్యాక పది పదిహేను నిమిషాలు వదిలి, అప్పటికీ తీయకపోతే గట్టి ఐడిల్ ఫీజు వేయడమే సరైంది. డీసీ మీద 80 శాతం దాటాక చార్జింగ్ వేగం బాగా పడిపోతుంది కాబట్టి, వెనక క్యూ ఉన్నప్పుడు అక్కడే మీటర్ మార్చినా తప్పులేదు.

7.2 ఏసీ దగ్గర ఓనర్‌కు పార్కింగ్ బదులు యూనిట్‌కు 4 రూపాయలు అదనంగా ఇస్తే సరిపోతుంది. పై ఉదాహరణలో 20 యూనిట్లకు పార్కింగ్ 90, ఈ పద్ధతిలో 80. ఇద్దరికీ పెద్దగా నష్టం లేదు, బిల్లు ఒకటే అవుతుంది, యాప్‌లో ముందే కనిపిస్తుంది.

కష్టమంతా 3.3 కార్ల దగ్గరే. ఆరేడు గంటలు చార్జర్ స్లాట్‌లో ఉంచితే 7.2 కారువాడికి దారి మూసేసినట్టు, ఓనర్‌కూ గిట్టదు. వీటికి కావాల్సింది పెద్ద చార్జర్ కాదు, 15 ఆంప్స్ సాకెట్, ఒక చిన్న మీటర్. మనిషి ఎలాగూ ఎనిమిది గంటలు కారు వదిలేసే చోట, అంటే ఆఫీసు సెల్లార్‌లో, మెట్రో స్టేషన్ పార్కింగ్‌లో, మామూలు స్లాట్ల గోడ వెంట ఇవి పెడితే, పార్కింగ్ డబ్బులు అతను ఎలాగూ కట్టేవే కాబట్టి చార్జింగ్ పేరుతో అదనంగా పడేది కరెంటు బిల్లు ఒక్కటే. కొత్త బిల్డింగుల్లో 20 శాతం పార్కింగ్ సామర్థ్యం చార్జింగ్‌కు సిద్ధంగా ఉండాలని 2019 ఫిబ్రవరిలో కేంద్రం నమూనా బిల్డింగ్ నిబంధనల్ని సవరించింది. ఆ 20 శాతాన్ని సెల్లార్ మూలన నాలుగు పెద్ద చార్జర్లుగా చూపిస్తారా, గోడ పొడవునా నలభై సాకెట్లుగా వేస్తారా అనేదాన్ని బట్టి రేపు గేటు దగ్గర కట్టే డబ్బు మారుతుంది. వైరింగ్ మాత్రం బిల్డింగ్ కట్టేటప్పుడే పడాలి, తర్వాత గోడలు తవ్వి, ట్రాన్స్‌ఫార్మర్ మార్చి వేయాలంటే ఆ ఖర్చు కూడా తిరిగి యూనిట్ రేటులోకే వస్తుంది.